మా అత్తయ్య వేగం

మా అత్తయ్యని సైకిల్ దిగమని చెప్పడం ఎవరి తరమూ కాదని వీధి వీధంతా తెలుసు, ఒక్క మా ఆయనకి తప్ప. కన్నకొడుకు కదా, తన మాట చెల్లుతుందన్న భ్రమ ఆయనకి కాస్త ఎక్కువ.

అత్తయ్య నర్సుగా ఉన్న రోజుల్లో ఇంటింటికీ సైకిల్ మీదే తిరిగి పసిపిల్లలకి టీకాలు వేసేది. ఉద్యోగం అయిపోయింది కానీ సైకిల్ మాత్రం అలాగే ఉండిపోయింది. అరవై తొమ్మిదేళ్ళొచ్చినా రోజూ పొద్దున్నే దాని మీద బజారు రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళేది. ఆ కొసన ఆవిడ స్నేహితురాలు ఉండేది. ఒకప్పుడు అత్తయ్య పనిచేసిన ఆస్పత్రిలోనే వంట చేసిన మనిషి, ఇప్పుడు మంచం దిగలేని స్థితి. అత్తయ్య వెళ్ళి ఆవిడకి తల దువ్వి, పేపరు చదివి వినిపించి, పేకాటలో చిత్తుగా ఓడించి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. మోకాళ్ళు అరిగిపోయి నాలుగడుగులు నడిస్తే కూలబడే మనిషికి, బస్సు మెట్టు ఎక్కాలంటే ఇద్దరు సాయం పట్టాల్సిన మనిషికి, సైకిల్ మీద మాత్రం ఏ నొప్పీ తెలిసేది కాదు. అది లేకపోతే ఆవిడ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోవాల్సిందే. అక్కడ ఆ స్నేహితురాలు కూడా గోడ చూస్తూ పడుకోవాల్సిందే.

ఎండలు ముదరకముందు ఒకరోజు, మురుగు గుంత మూత మీద చక్రం జారి అత్తయ్య కింద పడింది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. దానికే మా ఆయన ఇల్లు పీకి పందిరేశాడు. ఇంక చాలమ్మా అన్నాడు. నువ్వెలా తొక్కుతున్నావో ఒకసారి నేనే చూసి, ఉంచాలో తీసెయ్యాలో అప్పుడు చెప్తాను అన్నాడు.  అత్తయ్య మోచేతికి తనే కట్టు కట్టుకుని, ఆ మధ్యాహ్నమంతా నాతో కూడా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం అంటే మామూలు విషయం కాదు. నాకు భయమేసింది.

మా ఆయనది సిగ్నల్ లైట్ల ఆఫీసులో ఉద్యోగం. ఏ కూడలిలో పచ్చలైటు ఎంతసేపు ఉండాలి, ఎర్రలైటు ఎంతసేపు ఉండాలి అన్నది ఆయన చూస్తాడు. ఊళ్ళో అందరూ తిట్టుకునేది ఆయన్నే, పాపం ఎవరినో వాళ్ళకి తెలియదు. ఆ ఎండాకాలం వాళ్ళ ఆఫీసు మా బజారు రోడ్డు మీద కొత్త ప్రయోగానికి దిగింది. రోడ్డుకి ఎడమ పక్క సైకిళ్ళకి విడిగా దారి వేశారు, కార్లు లోపలికి రాకుండా చిన్న చిన్న స్తంభాలు పాతారు. రెండు సైకిళ్ళు పక్కపక్కన పోయేంత వెడల్పు. అదంతా ఒక ఎత్తు, లైట్లు ఒక ఎత్తు. ఆ రోడ్డు మీద ఐదు సిగ్నళ్ళున్నాయి. అప్పటిదాకా ఆ ఐదూ కార్ల వేగానికి నడిచేవి, అందుకని సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు ఐదింటి దగ్గరా కాలు కింద పెట్టాల్సిందే. ఇకనుంచి మొదటి సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడి కదిలిన సైకిల్, అదే వేగంతో పోతే, తర్వాతి సిగ్నల్ చేరేసరికి అక్కడా పచ్చలైటే పడాలి. పొద్దున అటు వెళ్ళేవాళ్ళకి, సాయంత్రం ఇటు వచ్చేవాళ్ళకి. ఎండాకాలం గడిచేలోపు జనానికి నచ్చితే ఉంచుతారు, లేదంటే స్తంభాలు పీకేసి లైట్లు మళ్ళీ కార్లకి అప్పజెప్తారు.

దీనికంతటికీ పై అధికారి ఒక పెద్ద ఇంజనీరు మేడమ్. మంచి మనిషే కానీ తొణకదు, బెణకదు. కుర్రాళ్ళ వేగం నాకొద్దు, నెమ్మదిగా తొక్కే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే చూడండి, వాళ్ళు దాటగలిగితే ఊరంతా దాటుతుంది అందిట. మా ఆయనకి వెంటనే వాళ్ళమ్మ గుర్తొచ్చింది. రోజూ అదే రోడ్డు మీద తొక్కే మనిషి, పైగా ముసలావిడ, ఇంతకంటే ఎవరు దొరుకుతారు?

అంతవరకూ బానే ఉంది. ఆ సంగతి అమ్మకి విడమరిచి చెప్పాలా వద్దా? మా ఆయనకి ఆఫీసులో ఎంత మాట్లాడినా అలుపు లేదు కానీ, తల్లి దగ్గరికొచ్చేసరికి మాటకింత అని పన్ను కట్టాలన్నట్టు ఉంటుంది. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ, "అమ్మా, రేపు నువ్వు తొక్కుతుంటే చూడాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా," అని తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అత్తయ్య నావైపు చూసింది. నేను అత్తయ్య వైపు చూశాను. ఇద్దరికీ ఒకటే అర్థమైంది. పరీక్ష.

ఆ సాయంత్రం ఆవిడ హడావుడి చూడాలి. టైర్లకి గాలి కొట్టించింది. గొలుసుకి నూనె వేసింది. సీటు ఎత్తు తగ్గించి, మళ్ళీ పెంచి, మళ్ళీ తగ్గించింది. మర్నాడు పొద్దున చెప్పులు వదిలేసి, బీరువా అడుగున ఎప్పటివో గుడ్డబూట్లుంటే అవి వేసుకుని బయల్దేరింది. మూడో సిగ్నల్ పక్కన నాకు కళ్ళద్దాల షాపుంది. గుమ్మంలో నిలబడి చూద్దును కదా, మా అత్తయ్య మెడ ముందుకు చాచి, పళ్ళు బిగబట్టి, ఒక కొరియర్ కుర్రాణ్ణి దాటేసి మరీ పోతోంది. వెనక ఆఫీసు వ్యాన్లో మా ఆయన వాచీ పట్టుకుని నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.

రెండు మూడు రోజులకి మా ఆయన ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. భోజనాల దగ్గర చెప్పాడు, పని పూర్తయింది, ఐదు సిగ్నళ్ళూ అమ్మ వేగానికి పెట్టేశాం అని.

అత్తయ్య చేతిలో ముద్ద అలాగే ఆగింది. ఏ సిగ్నళ్ళు అని అడిగింది. ఆయన అప్పుడు తీరుబడిగా మొదలుపెట్టాడు. మేడమ్ ఏమంది, తనేమన్నాడు, ఆ రోజు వ్యాన్లో ఎందుకు కూర్చున్నాడు, అంతా పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాడు. చివర్లో ఒక మాట అన్నాడు.

"నిజం చెప్పొద్దూ, నువ్వింకా ఇంత బాగా తొక్కుతున్నావని నేననుకోలేదమ్మా. ఇంక నీ సైకిల్ జోలికి రాను."

ఆ ఒక్కమాట కోసం ఆవిడ ఆ రోజు అంత పాటు పడింది. ఆ మాట చేతికొచ్చాక, అది నిజమైన వేగం కాదని చెప్పడం ఎలా? నేను ఆవిడ మొహం చూశాను. ఆనందమో, దొరికిపోయిన మొహమో చెప్పలేను. నీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయింది.

దారి తెరిచారు. మొదటివారం పండగలా ఉంది. ఆడవాళ్ళు, బడిపిల్లలు, బ్యాంకు గుమాస్తాలు, ఎన్నేళ్ళుగానో ఇళ్ళ వెనక తుప్పు పడుతున్న సైకిళ్ళన్నీ తుడుచుకుని రోడ్డెక్కారు. రెండో వారం నుంచి గొణుగుడు మొదలైంది. మొదటి సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడుతుంది, బయల్దేరతారు, రెండో సిగ్నల్ ఇంకో నాలుగు బారల దూరం ఉందనగా మొహం మీదే ఎర్రలైటు పడుతుంది. మూడో దాని దగ్గరా అంతే. బొత్తిగా అందని లైటు కంటే అందినట్టే అంది జారిపోయే లైటు మనిషికి ఎక్కువ ఒళ్ళు మండిస్తుంది. కొరియర్ కుర్రాళ్ళు మాత్రం ఈల వేసుకుంటూ పోయేవాళ్ళు.

నా పక్క షాపు పరుపులాయనది. ఆయన్ని అందరం పరుపుల బాబాయి అంటాం. తన షాపు ముందు కార్లు ఆపనివ్వడం లేదని ఆయనకి ముందే కడుపుమంట. రోజూ నా దగ్గరికొచ్చి, సైకిల్ మీద వచ్చి పరుపు కొనుక్కుని నెత్తిన పెట్టుకుపోయేవాణ్ణి ఒక్కణ్ణి చూపించమ్మా అని అడిగేవాడు. ఇప్పుడాయనకి కొత్త సరుకు దొరికింది. కూడలి దగ్గర సైకిళ్ళు గుంపుగా ఆగగానే గుమ్మంలోకొచ్చి, "మీ ఆయన లైట్లు భలే ఉన్నాయమ్మా, నా షాపుకి జనాన్ని తెచ్చి నిలబెడుతున్నాయి," అనేవాడు. నవ్వాపుకోలేక నేనూ నవ్వేదాన్ని. ఇంటికెళ్ళి ఆ నవ్వు బయటపెట్టకుండా ఉండడమే కష్టమయ్యేది.

ఎందుకంటే మా ఆయన దానిమీద వేళాకోళం సహించే స్థితిలో లేడు. ఎవరు ఫిర్యాదు చేసినా ఆయనది ఒకటే జవాబు. అరవై తొమ్మిదేళ్ళ మా అమ్మ దాటుతోంది, వీళ్ళకేం వచ్చింది? ఆఫీసులో అన్నాడు, వీధిలో అన్నాడు, ఆఖరికి వ్యాపారుల మీటింగులో మైకు పట్టుకుని అన్నాడు. ఊరంతా పాకిపోయింది, ఒక పెద్దావిడ ఉందట, ఐదు లైట్లూ గాలిలా దాటేస్తుందట అని. పైగా ఆయనే ఒకరోజు ఆఫీసు సైకిల్ తీసుకుని తొక్కి చూశాడు. నాలుగో సిగ్నల్ దగ్గర రొప్పుతూ ఆగిపోయాడు. ఏ మామూలు మనిషైనా అప్పుడు లైట్లని అనుమానిస్తాడు. మా ఆయన తన ఒంటిని అనుమానించాడు. మర్నాటి నుంచి పొద్దున్నే మేడ మీద గుంజీళ్ళు మొదలుపెట్టాడు. కింద వంటింట్లో నేనూ అత్తయ్యా ఆ దబదబలు వింటూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా టీ తాగేవాళ్ళం.

నాకు సంగతి అప్పటికే తెలుసు మరి. మూడో సిగ్నల్ నా షాపు ముందేగా. దారి తెరిచిన నాలుగైదు రోజులకే చూశాను, అత్తయ్య తన మామూలు తీరులో, చల్లగా, ఎవరో పిలిస్తే పలుకుతూ, చెట్లవైపు చూస్తూ వస్తోంది. ఎర్రలైటు పడింది. దిగి, వంగి, గొలుసు చూసుకుంటున్నట్టు నటించింది. గొలుసు నిక్షేపంలా ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నేను బయటికెళ్ళి, గొలుసుకేం వచ్చిందత్తయ్యా అని అడిగాను.

ఆవిడ లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చుంది. కూర్చుని మొత్తం చెప్పేసింది. ఆ పరీక్ష రోజు స్నేహితురాలింటికి చేరేసరికి పిక్కలు పట్టేసి, ఆ మంచం దిగలేని మనిషి మంచం మీదే ఆవిడ పక్కన పడుకుందట. ఇద్దరూ సాయంత్రం దాకా లేవలేదట. ఆరోజు పేకాటలో కూడా ఓడిపోయిందట, అది మాత్రం ఎవరికీ చెప్పొద్దంది. చెప్తూ చెప్తూ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"వాడు నా పరువు కోసం మైకులో అరుస్తున్నాడే. ఇప్పుడు వెళ్ళి అబద్ధం అని చెప్తే లైట్లు మారుస్తాడు, నిజమే. దాంతోపాటు సైకిల్ కూడా అటకెక్కిస్తాడు."

అలా ఏం చెయ్యరత్తయ్యా అన్నాను కానీ, నా గొంతులో నాకే నమ్మకం లేదు. మా ఆయన సంగతి నాకు తెలియదా? ప్రేమ ఎక్కువైనప్పుడే ఆయన వస్తువులు దాచేస్తాడు. పోనీ నేను చెప్పనా అంటే, చంపేస్తానంది. సరే, ఎవరి సంగతి వాళ్ళే చెప్పుకోవాలి అనుకుని నేనూ ఊరుకున్నాను. అప్పట్నుంచి ఎర్రలైటు పడగానే ఆవిడ తిన్నగా షాపులోకొచ్చి, పచ్చలైటు వచ్చేదాకా కూర్చునేది. ఆ కాసేపట్లోనే బోలెడు కబుర్లు. అబద్ధం చెప్పకూడదు, ఆ రోజులు నాకు బాగుండేవి.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో కానీ, ఒకరోజు రొట్టెలు ఇళ్ళకి చేరవేసే ఒకమ్మాయి మా కూడలి దగ్గర పడింది. వెనక రొట్టెల బుట్ట కట్టుకుని, పచ్చలైటు అందుకోవాలని ఊపిరి బిగబట్టి తొక్కుకొచ్చింది, సరిగ్గా గీత దగ్గర ఎర్రలైటు పడేసరికి గట్టిగా బ్రేకు వేసింది, చక్రం జారింది. పెద్ద దెబ్బలేం కాదు. మోకాలు చెక్కుకుపోయింది, రొట్టెలు రోడ్డంతా దొర్లాయి. పరుపుల బాబాయే పరిగెత్తుకొచ్చి సైకిల్ ఎత్తి పక్కన పెట్టాడు, రొట్టెలు ఏరి ఇచ్చాడు. ఆయన నోరే అంత, మనిషి బంగారం.

అత్తయ్య నా షాపులోనే ఉంది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, దెబ్బ కడిగి, మందు రాసి కట్టు కట్టింది. ఆవిడ చేతులు ఆ పనిలో పడితే చూడ్డానికి ముచ్చటేస్తుంది. అంత తొందరేమిటమ్మా, లైటు పోతే ఇంకో లైటు వస్తుంది కదా అని మెల్లగా మందలించింది.

ఆ అమ్మాయికి సిగ్గేసింది. "డెబ్బై ఏళ్ళావిడెవరో రోజూ దాటేస్తోందంట కదండీ. నేను దాటలేనా అని పంతమొచ్చింది," అంది.

అత్తయ్య కట్టు కొస ముడి వేసింది. ముడి సరిగా పడలేదని విప్పి మళ్ళీ వేసింది.  ఆ రోజు ఆవిడ స్నేహితురాలింటికి కూడా వెళ్ళకుండా, సైకిల్ మీద బరువు ఆనించి, అడుగడుక్కీ ఆగుతూ దాన్ని నడిపించుకుంటూ ఇంటికి తిరిగొచ్చేసింది. నడిస్తే మోకాళ్ళ నొప్పి కదా, ఎక్కండత్తయ్యా అని ఎంత చెప్పినా వినలేదు.

ఎండాకాలం చివరికొచ్చింది. పెద్ద ఇంజనీరు మేడమ్ తనే స్వయంగా వచ్చి చూసి తేలుస్తానంది. ఫిర్యాదులు బల్ల మీద గుట్టగా పడ్డాయి మరి. ముందురోజు మా ఆయన ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, అమ్మా, రేపు అందరి ముందూ నువ్వొక్కసారి తొక్కి చూపిస్తే చాలు, నోళ్ళన్నీ మూతపడతాయి అన్నాడు. ఆవిడ సరే అంది. అంతే, సరే అని ఊరుకుంది.  ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. మళ్ళీ అలా తొక్కితే ఈసారి పిక్కలతో పోదు. ఆవిడ గదిలోకెళ్ళి, తొక్కకండత్తయ్యా, ఒంట్లో బాలేదని నేను చెప్తాను అన్నాను. పడుకో పోవే అని దీపం ఆర్పేసింది.

పొద్దున్నే మొదటి సిగ్నల్ దగ్గర జనం చేరారు. నేనూ షాపు తియ్యకుండా అక్కడికే వెళ్ళాను. మేడమ్ గొడుగు వేసుకుని నిలబడింది, పక్కన మా ఆయన వాచీతో. పచ్చలైటు కోసం ఆగినవాళ్ళలో ఒక బడిపంతులు, వెనక సీట్లో పిల్లని కూర్చోబెట్టుకున్న ఒక తల్లి, మోకాలి కట్టుతో రొట్టెలమ్మాయి, ముందువరసలో మా అత్తయ్య. కాళ్ళకి చూశాను. గుడ్డబూట్లు లేవు. రోజూ వేసుకునే చెప్పులే.

పచ్చలైటు పడింది. అత్తయ్య కదిలింది, కూరలకి వెళ్ళినట్టు. పక్కనున్న తల్లిని పిల్లకి ఎన్నేళ్ళు, టీకాలన్నీ అయ్యాయా అని అడుగుతూ తొక్కుతోంది. మా ఆయన మొదట నవ్వాడు, ఆనక మెడ చాచి చూశాడు. మేమందరం పక్కనే నడుస్తూ వచ్చేంత నెమ్మదిగా పోతోంది ఆవిడ. రెండో సిగ్నల్ దగ్గర ఎర్రలైటు. దిగింది. మళ్ళీ ఎక్కింది. మూడో సిగ్నల్ దగ్గర ఎర్రలైటు. మళ్ళీ దిగింది. అప్పటికి మా ఆయన పరిగెత్తుకుంటూ వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నాను. రోజూ ఇలాగే తొక్కుతాను."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు నువ్వు చూస్తున్నావని తొక్కాను."

ఆయనకి వెంటనే ఏమీ అర్థం కాలేదు. మేడమ్‌కి అర్థమైనట్టుంది, గొడుగు అటు తిప్పుకుని పరుపుల షాపు బోర్డు చదువుతున్నట్టు నిలబడింది. మా ఆయన వాళ్ళమ్మ చెప్పులు చూశాడు, మోకాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. అత్తయ్య సంచీలోంచి సైకిల్ తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"సైకిల్ తీసేస్తే తియ్యి, నేనేమీ అనను. లైట్లు మాత్రం ఆ పిల్లతల్లికి అందేలా పెట్టు," అంది.  నాకే ఏడుపొచ్చింది, రోడ్డు మీద అందరి ముందూ.

మా ఆయన ఆ తాళం అటూ ఇటూ తిప్పి చూశాడు. సిగ్నల్ పచ్చబడింది, మళ్ళీ ఎర్రబడింది. అంతమందిలో, మైకు పట్టుకుని అరిచిన మనిషికి, ఆ క్షణం ఎంత తల కొట్టేసినట్టయి ఉంటుందో నాకు తెలుసు. కోపంతో ఏదో ఒకటి అనేస్తాడేమోనని బిక్కచచ్చిపోయాను. ఆయన తాళం తిరిగి ఆవిడ సంచీలో వేశాడు.

"తాళం నాకిస్తే ఎలా? మళ్ళీ తొక్కాలిగా," అన్నాడు. "ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు వెళ్ళమ్మా. ఈసారి నేను చూడను."

మేడమ్ ఇంకో పదిహేను రోజులు గడువిచ్చింది. ఒక్కరినే నమ్ముకోవడం ఆఫీసు చేసిన పొరపాటేనని తనూ ఒప్పుకుని, బడిపంతుల్నీ పిల్లతల్లినీ రొట్టెలమ్మాయినీ మళ్ళీ అత్తయ్యనీ, అందరినీ చూసి రమ్మని మనుషుల్ని పెట్టింది. వాళ్ళల్లో అందరికంటే నెమ్మది మా అత్తయ్యే అని తేలింది. ఆవిడ తొక్కిన రోజు మా ఆయన అన్నమాట మీద నిలబడ్డాడు. నా షాపులో రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా కళ్ళద్దాలు పెట్టి చూసుకునే అద్దం ఉంటే, అందులో రోడ్డు కనపడుతోందని దాన్ని కూడా బోర్లించాడు. అత్తయ్య దాటి వెళ్ళిపోయాక నేను చెప్తే అప్పుడు తిరిగాడు.

ఐదు లైట్లూ ఈసారి ఆవిడ అసలు వేగానికే మార్చారు, వారానికే తేడా తెలిసింది. రొట్టెలమ్మాయి మొదటి సిగ్నల్ దగ్గర ఎక్కితే ఆ కొస దాకా కాలు కింద పెట్టే పని లేదు. కంగారు పడేవాడికే ఎర్రలైట్లు. కార్లవాళ్ళకి కూడా మెల్లగా తెలిసొచ్చింది, ఎగబడి ముందుకెళ్తే అక్కడ ఆగి చావాలి, నిదానంగా పోతే ఆగక్కర్లేదు అని. కార్లు నిదానంగా పోతుంటే లోపల కూర్చున్నవాళ్ళకి పరుపుల షాపు బోర్డు కనపడడం మొదలైంది. బాబాయి ఆ తర్వాత సైకిళ్ళని తిట్టడం మానలేదు కానీ, మునుపటి మనసు పెట్టి తిట్టడం మానేశాడు. స్తంభాలు పీకకుండానే వానలొచ్చేశాయి.

నాకొక్కటే లోటు. అత్తయ్య ఇప్పుడు నా షాపు దగ్గర ఆగదు. రండత్తయ్యా, టీ తాగి వెళ్ళండి అంటే, లైటు పోతుందే అని అరిచి వెళ్ళిపోతుంది.

మొదటి వానలు తెరిపిచ్చిన ఒక సాయంత్రం, మా ఆయన ఆఫీసు నుంచి సైకిల్ మీద వస్తున్నాడు. గుంజీళ్ళ పుణ్యమా అని ఒంట్లో కాస్త పస చేరింది మరి. స్నేహితురాలి దగ్గర ఆలస్యమై అత్తయ్యా అప్పుడే వస్తోంది. ఆయన వెనకనుంచి వచ్చి ఆవిడని దాటబోయాడు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. అత్తయ్య తల తిప్పకుండానే, ముందుకెళ్ళి ఏం చేస్తావురా, అక్కడ ఎర్రలైటేగా, నువ్వు పెట్టిందేగా అంది.

ఆయన ఆలోచించాడు. తొక్కడం తగ్గించి ఆవిడ పక్కకొచ్చాడు. దారి ఇద్దరికి సరిపోయింది. వేగంగా పోవడానికి లేదు, ఆగడానికీ లేదు, ఇల్లు చేరేదాకా వాళ్ళమ్మ పక్కనే ఉండాలి. ఏదో ఒకటి మాట్లాడక తప్పదు. ముందు ఆవిడ ఏదో అడిగింది, ఆయన జవాబు చెప్పాడు. తర్వాత ఆయనే ఏదో మొదలుపెట్టాడు. చెయ్యి తిప్పుతూ చెప్తున్నాడు, అత్తయ్య నవ్వుతోంది. సిగ్నల్ పచ్చగా ఉంది, ఇద్దరూ నా షాపు దాటి అలాగే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. నన్ను చూడను కూడా లేదు.